డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్: అజరయ్య గారి కోసం వెళ్లేవాళ్లకు

మెదక్ చర్చిని మనసులో పెట్టుకుని డోర్నకల్ వెళితే మొదటి చూపులో చిన్నబోతారు. మెదక్‌ది 175 అడుగుల గోపురం, రంగుటద్దాల కిటికీలు, పూర్తిగా ఇంగ్లండు పోకడ. ఎత్తులో డోర్నకల్ దానికి సాటిరాదు. అయినా ఈ కెథడ్రల్‌ను, అంటే బిషప్ పీఠముండే పెద్ద చర్చిని, కట్టించిన బిషప్ వి.ఎస్. అజరయ్య గారి ఆలోచన తెలియాలంటే మాత్రం ఇక్కడికే రావాలి.

తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన ఈ తమిళుడు 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మీ దానాలూ త్యాగాలూ సరే, మాకు స్నేహితులు కావాలని మిషనరీల ఎదుటే అడిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి సంప్రదాయపు) చర్చిలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాల్ని వదిలించుకోమని మాల, మాదిగ పల్లెల్లో బోధించేవారు.

1939లో ప్రతిష్ఠించిన కెథడ్రల్‌లో ఆ మనిషి కనిపిస్తారు. గుమ్మటాలు, మినార్లు మసీదు తీరు. స్తంభాలు గుడి మండపం తీరు. ఆ స్తంభాల దగ్గర నిదానంగా ఆగండి. తామరతో పాటు అరటి మొగ్గ చెక్కి ఉంటుంది. గెల వేశాక అరటిచెట్టు బతకదు, పిలకలు మిగులుతాయి. ఒకరి చావుతో ఇతరులకు బతుకు అనే సిలువ అర్థాన్ని రైతుకూలీకి ఇంత సూటిగా చెప్పిన చెక్కడం అరుదు. 1945 జనవరి 1న కన్నుమూసిన అజరయ్య గారి సమాధి ఆవరణలోనే ఉంది, చూడకుండా రావద్దు.

బసకు ఖమ్మం మేలు. రైల్లో పాతిక కిలోమీటర్ల లోపే. వరంగల్‌లో హోటళ్లు ఎక్కువే గానీ దూరం. డోర్నకల్ జంక్షనే అయినా సూపర్‌ఫాస్టులు చాలావరకు ఆగవు, టికెట్టుకు ముందే హాల్టు చూసుకోండి. భద్రాచలం రోడ్ (కొత్తగూడెం స్టేషన్ పేరు) వైపు బళ్లు ఇక్కడే మెయిన్ లైన్ వదులుతాయి. నిద్రపోతే కొత్తగూడెంలో తేలతారు.

లోపలి భాగం చూడటానికి ఆదివారం ఉదయం ఆరాధన వేళ అనువైనది, కాకపోతే అప్పుడు ఫోటోలు తీయకూడదు. స్తంభాల ఫోటోలే ముఖ్యమైతే మామూలు రోజున వెళ్లండి. తలుపు తాళం వేసి ఉండొచ్చు కాబట్టి ముందు ఆవరణలోని వాళ్లను అడగాలి. మధ్యాహ్నం ఎండ దాటాక వెళితే బయటి చెక్కడాలు కూడా తీరిగ్గా చూడొచ్చు.