ఆన్‌లైన్‌లో కొన్న ఎల్డర్‌బెర్రీ మొక్క: గుంటూరు ఎండకి ఆగిందా?

ముందే చెప్పేస్తా. మొక్క బతికింది, పూసింది, కాయలు మాత్రం పిడికెడు కూడా రాలేదు. పెరట్లో పండించి సిరప్ కాచుకుందామని ఈ మొక్క మీద కన్నేసినవాళ్ళు డబ్బులు జేబులోనే ఉంచుకోండి. కొత్త మొక్క పెంచాలన్న సరదా, పూలు చాలు అనుకునేవాళ్ళు మిగతాది చదవండి.

ఎల్డర్‌బెర్రీ అంటే చిన్న చిన్న నల్లటి పండ్లు గుత్తులుగా కాసే విదేశీ పొద. జలుబుకి మంచిదంటూ దీని సిరప్ వాడతారు, అందుకే కరోనా తర్వాత మన వైపు ఈ పేరు బాగా వినపడుతోంది. అమెరికా నుంచి వచ్చే పిల్లలు సూట్‌కేసులో విటమిన్ సీసాలతో పాటు ఎల్డర్‌బెర్రీ సిరప్పులు, గమ్మీలు కూడా తెస్తున్నారు. మా అమ్మాయి ఉండేది డల్లాస్ దగ్గర. అక్కడ వాగుల పక్కన, రోడ్డు పక్క గుంటల్లో ఇది దానంతటదే మొలుస్తుందట, "ఇక్కడా ఎండలు మనలాగే మండిపోతాయి నాన్నా, మన పెరట్లో ఎందుకు రాదు?" అంది. మాట సబబుగానే ఉంది కానీ అందులో ఒక మెలిక ఉంది, అమ్మేవాళ్ళు అది చెప్పరు.

ఎల్డర్‌బెర్రీ పేరుతో ముఖ్యంగా రెండు మొక్కలు నడుస్తున్నాయి. యూరప్‌ది సాంబూకస్ నైగ్రా, అమెరికాది సాంబూకస్ కెనడెన్సిస్. మొదటిది చల్లటి ఊళ్ళకి అలవాటు పడ్డ మొక్క. రెండోది ఫ్లోరిడా, టెక్సాస్ దాకా పెరుగుతుంది, కాళ్ళ దగ్గర తడి ఉంటే వేడిని కొంతవరకు ఓర్చుకుంటుంది, అమెరికాలో పండ్ల కోసం వేసే ఆడమ్స్, యార్క్ రకాలు కూడా దీనివే. కాబట్టి మనలాంటి ఊళ్ళో కొనేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే, ఏ జాతిది అని. నేను కొన్నచోట ఏం రాశారంటే "ఎల్డర్‌బెర్రీ లైవ్ ప్లాంట్, ఏడాదిలో కాపు గ్యారంటీ". జాతి లేదు, రకం లేదు, కొమ్మ నాటిన మొక్కా విత్తనం మొక్కా అన్నదీ లేదు. చాట్‌లో అడిగితే "సర్, ఒరిజినల్ క్వాలిటీ" అన్నారు, ఇంకోసారి అడిగినా అదే జవాబు.

నేను రెండు మొక్కలు ఆర్డర్ పెట్టాను, ఎందుకంటే ఒక్కటే ఉన్నా కొద్దో గొప్పో కాస్తుంది గానీ పక్కన వేరే రకం ఉంటే కాపు మెరుగ్గా ఉంటుంది. ప్యాకింగ్‌కి మాత్రం వంక పెట్టలేం. వేరు చుట్టూ తడి కొబ్బరిపొట్టు, దాని మీద ప్లాస్టిక్ చుట్ట, కొమ్మ విరగకుండా వెదురు పుల్ల, అట్టపెట్టెకి గాలి రంధ్రాలు. ఆకు వాడకుండా వచ్చాయి. కాకపోతే పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒక మొక్క కాదనిపించింది. రెండిటికీ ఆకులు ఎదురెదురుగానే ఉన్నాయి, అంచులకి రంపపు పళ్ళూ ఉన్నాయి, ఒక్కో ఈనెకి ఐదారు చిన్నాకులూ ఉన్నాయి, కానీ ఒకదాని ఆకు నలిపితే ముక్కు చిట్లించుకునేంత వెగటు వాసన, రెండోదానికి అంత వాసనే లేదు. మొదటిదాని కాండం మీద చిన్న చిన్న బొడిపెలు చేతికి తగులుతున్నాయి, చిటికెన వేలంత కొమ్మ కత్తిరిస్తే లోపల తెల్లటి మెత్తటి బెండు. ఎల్డర్ అంటే అలాగే ఉంటుంది. రెండోది కొన్నాళ్ళకి పసుపు గంటల్లాంటి పూలు పూసి అసలు సంగతి బయటపెట్టింది, టెకోమా! మన ఊళ్ళో ప్రహరీ గోడల మీద నుంచి ఎక్కడ చూసినా వేలాడే పూలే. నర్సరీ వ్యాపారంలో దానికి యెల్లో ఎల్డర్ అన్న పేరు కూడా ఉంది, అక్కడే తేడా కొట్టినట్టుంది. ఏ నర్సరీలో అడిగినా తక్కువకే ఇచ్చే మొక్కకి నాలుగొందల చిల్లర తీసుకున్నారు. ఫిర్యాదు చేస్తే ఫొటో అడిగారు, తర్వాత వీడియో అడిగారు, చివరికి వాళ్ళ దగ్గరే వాడుకోవాల్సిన కూపన్ ఒకటి పంపారు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు.

ఇక అసలైనదాని సంగతి. దీని వేళ్ళు లోతుకి పోవు, పైపైనే పాకుతాయి, అందుకని తడి ఎప్పుడూ ఉండాలి, అలాగని నీళ్ళు నిలవకూడదు. మన నల్లరేగడితో ఈ రెండూ కష్టమే. వానాకాలం అడుసు, ఎండాకాలం నెర్రెలు, నెర్రె విచ్చినప్పుడు పైన ఉన్న సన్న వేళ్ళు తెగిపోతాయి. నేను నేలలో పెట్టకుండా పెద్ద సిమెంటు తొట్టిలో ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కొంచెం ఇసుక కలిపి పెట్టాను, పైన వరిగడ్డి మందంగా పరిచాను. తొట్టి ఉన్నది తూర్పు గోడ పక్కన, పొద్దుటి ఎండ తగిలి పదకొండు దాటాక నీడ పడే చోటు. ఏప్రిల్ వచ్చేసరికి పైన గ్రీన్ నెట్ కట్టాను, పొద్దునా సాయంత్రం నీళ్ళు. అయినా రోహిణి కార్తెలో ఆకుల అంచులు మాడాయి, చివర్లు వాలిపోయాయి, ఇది పోయిందనే అనుకున్నాం. జూన్‌లో వానలు పడగానే అడుగు నుంచి కొత్త పిలకలు తోసుకొచ్చాయి. ఆ విషయంలో మొండి మొక్కే. పిండినల్లి పట్టింది, వేపనూనె కొడితే తగ్గింది, పెద్ద సమస్య కాదు.

పూల గురించి తక్కువ చెప్పకూడదు. చిన్న చిన్న మీగడ రంగు పూలు, సాసరంత వెడల్పున బల్లపరుపుగా గుత్తి కడతాయి, దగ్గరికి వెళ్తే తియ్యటి వాసన, పొద్దున్నే చిన్న తేనెటీగలు వాలి ఉంటాయి. యూరప్‌లో ఈ పూలతో షర్బత్ చేస్తారు. మా దగ్గర గుత్తిలో చాలా పూలు పిందె కట్టకుండానే రాలిపోయాయి. తోడు మొక్క టెకోమా అయ్యాక పరపరాగ సంపర్కం ఎక్కడిది! పిందె కట్టినవి నల్లగా మాగేలోపు పికిలి పిట్టలు కానిచ్చేశాయి.

పండ్లు వచ్చినా సరే, పచ్చివి నోట్లో వేసుకునేవి కాదు. ఈ మాట ఆ అమ్మకం పేజీలో ఎక్కడా లేకపోవడం నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది. ఆకు, కొమ్మ, వేరు, పచ్చికాయ, వీటిలో ఉండే పదార్థాలు కడుపులోకి పోతే సయనైడ్ విడుదలవుతుంది. 1983లో కాలిఫోర్నియాలో ఆకులు, కొమ్మలతో సహా పిండిన పచ్చి ఎల్డర్‌బెర్రీ రసం తాగి జనం వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. మాగిన పండునైనా బాగా ఉడికించి, గింజలు వడకట్టే వాడాలి. ఇంట్లో చిన్నపిల్లలు, పెరట్లోకి వచ్చే మేకలు ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. మా ఆవిడైతే మనవడు వచ్చినన్నాళ్ళు తొట్టి చుట్టూ వల కట్టించింది.

అదే చోట విత్తనాల ప్యాకెట్లు కూడా అమ్ముతున్నారు, వాటి జోలికి అసలు పోవద్దు. ఎల్డర్ విత్తనం లేవాలంటే ముందు కొంతకాలం వెచ్చగా, తర్వాత నెలల తరబడి చల్లగా, తడిగా ఉండాలి, అంటే ఫ్రిజ్‌లో పెట్టి కనిపెట్టుకుని కూర్చోవాలి. తిన్నగా కుండీలో చల్లితే ఏమీ లేవదు. నిజమైన మొక్క ఎవరి దగ్గరైనా ఉంటే పెన్సిలంత లావు కొమ్మ, రెండు మూడు కణుపులతో, అడిగి తెచ్చుకోండి, తేలిగ్గా వేరు పోస్తుంది. మాదాని కొమ్మలు పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళారు, నిలబడ్డాయి.

పొదలా ఉండాలి, పుల్లటి పండు కావాలి, ఎక్కువ చాకిరీ ఉండకూడదు అంటే మనకి వాక్కాయ ఉండగా ఇంత దూరం పోవడం ఎందుకో నాకు తెలీదు. ఎండలెంత కాసినా చలించదు, ముళ్ళుంటాయి కాబట్టి కంచెకీ పనికొస్తుంది, కాయ పప్పులోకి, పులిహోరలోకి, పచ్చడిలోకి. లేదంటే మల్బరీ, కత్తిరించిన ప్రతిసారీ కొత్త కొమ్మకి కాయ పట్టుకొస్తుంది, పిల్లలు చెట్టు దగ్గరే కోసుకు తినేయొచ్చు. రెండూ కడియం నుంచి సరుకు తెచ్చుకునే ఏ నర్సరీలోనైనా దొరుకుతాయి, ఆకు నలిపి చూసుకుని మరీ కొనుక్కోవచ్చు.

రేటింగ్ అంటారా, ప్యాకింగ్‌కి ఐదుకి నాలుగు, మొక్కకి రెండున్నర, అమ్మినవాళ్ళకి ఒకటి, అదీ ఫోన్ ఎత్తినందుకు. అయినా తెప్పించుకుంటాం అనేవాళ్ళు పంపబోయే మొక్క ఫొటో ముందు అడగండి, కెనడెన్సిస్ అని రాసి ఇమ్మనండి, పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. ఆర్డర్ జూన్ చివర్లో వానలు పట్టాక పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో పెడితే కొరియర్ గోడౌన్‌లోనే ఉడికిపోతుంది.