బడి బస్సు మెరుగైంది, సీటు ఎవరికన్న లెక్కే తప్పింది

హనుమకొండ నుంచి హసన్‌పర్తి వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రైవేటు పాఠశాల ఈ విద్యా సంవత్సరం తన బస్సు నిబంధనలను మార్చింది. ఇదివరకు రుసుము కట్టిన ప్రతి విద్యార్థినీ ఎక్కించుకునేవారు. ఇప్పుడు బడికి రెండు కిలోమీటర్లలోపు ఇల్లున్నవారికి సీటు లేదు. అంతకు మించిన దూరంలో ఉన్నవారికి కూడా బస్సు ఇంటి ముందుకు రాదు. కాలనీకి ఒక స్టేజీ పెట్టి పిల్లలను అక్కడికే పంపమన్నారు. మా ఇద్దరు పిల్లలూ ఆ బస్సులోనే వెళ్తున్నారు. మాకు రెండు వీధుల అవతల ఉండే మా తమ్ముడి కూతురికి మాత్రం ఈ ఏడు సీటు దక్కలేదు. కాబట్టి ఈ మార్పులోని మంచీ చెడూ మా ఇళ్లలోనే కనిపిస్తున్నాయి.

పోయినేడు వరకు ఒకే బస్సు రెండు ట్రిప్పులు తిరిగేది. ఫస్ట్ ట్రిప్పు పిల్లలు గేటు తీయకముందే చేరి మెట్ల మీద కూర్చునేవారు. సెకండ్ ట్రిప్పు పిల్లలు సాయంత్రం బస్సు తిరిగి వచ్చేదాకా మైదానంలో పడిగాపులు కాసి, చలికాలంలో దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవారు. పిల్లల సంఖ్య తగ్గడంతో ఇప్పుడు ఒక్క ట్రిప్పే సరిపోతోంది, ముగ్గురు కూర్చోవలసిన సీటులో నలుగురిని ఇరికించడం ఆగిపోయింది. అత్యవసర ద్వారానికి అడ్డంగా వేసిన అదనపు సీటును కూడా తీసేశారు. ఆ తలుపు పిడిని నేనే తిప్పి చూశాను, సులువుగానే తెరుచుకుంది.

తెలంగాణలో బడి బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. బడులు తెరిచేలోగా రవాణా శాఖ తనిఖీకి బస్సును చూపించి కొత్త పత్రం తీసుకోవాలి. ఆ పత్రం నకలును ఈసారి మేము అడగకుండానే చూపించారు. ఒకప్పుడు అడిగితేనే ముఖం చిట్లించుకునేవారు. అన్నిటికన్నా నాకు నచ్చినది ఆయమ్మ పని. చిన్నపిల్లలను చెయ్యి పట్టి దింపి, తల్లో తండ్రో తాతో ఎదురుగా వచ్చి నిలబడ్డాకే ఆమె డ్రైవర్‌కు ‘రైట్’ చెబుతోంది. ఎవరూ రాకపోతే బిడ్డను మళ్లీ బస్సు ఎక్కించి, ఇంటికి ఫోన్ చేయిస్తోంది.

స్టేజీల ఎంపికలో అంత శ్రద్ధ కనిపించలేదు. మా కాలనీ స్టేజీని వైన్ షాపు పక్కన పెట్టారు. ఉదయం ఫరవాలేదు గానీ, సాయంత్రం ఆడపిల్లలు దిగవలసిన చోటు అది కాదు. బస్సు ఇంటి ముందుకు రావడం మానినా రుసుము పైసా తగ్గలేదు.

అసలు పేచీ అర్హత దగ్గర ఉంది. ఆఫీసులో కంప్యూటర్ మీద మ్యాపు తెరిచి, బడి గేటు చుట్టూ రెండు కిలోమీటర్ల వలయం గీసి, లోపల పడిన ఇళ్లన్నిటినీ కొట్టేశారు. మా ఇల్లు ఆ గీతకు అవతల పడింది, తమ్ముడి ఇల్లు ఇవతల పడింది. ఆ అమ్మాయి నాలుగో తరగతి. నడిచి వెళ్లాలంటే డివైడర్ తెరిచి ఉన్న చోటి దాకా వెళ్లి కరీంనగర్ రోడ్డు దాటాలి. ఆ చుట్టు కలుపుకుంటే రెండు కిలోమీటర్లు దాటిపోతుంది. గ్రానైట్ లారీలు, ఎక్స్‌ప్రెస్ బస్సులు వేగం తగ్గించకుండా వచ్చే ఆ రోడ్డును పెద్దవాళ్లే చేతులు ఊపుకుంటూ దాటుతారు.

విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నియమాల ప్రకారం 1–5 తరగతుల పిల్లలకు ఒక కిలోమీటరు లోపు, 6–8 తరగతుల పిల్లలకు మూడు కిలోమీటర్ల లోపు నడిచి వెళ్లగలిగేటట్లు బడి ఉండాలి. అవి బడి ఎక్కడ పెట్టాలో చెప్పే కొలతలే తప్ప ప్రైవేటు బస్సు సీట్ల గురించి చెప్పినవి కావు. అయినా వాటిలో చిన్నపిల్లలకు, పెద్దపిల్లలకు వేర్వేరు దూరాలు పెట్టారు. వరదలు, రోడ్లు లేకపోవడం, దారిలో పసిపిల్లలకు ప్రమాదం వంటివి ఉన్న చోట ఆ పరిమితిని ఇంకా తగ్గించాలని కూడా రాశారు. ఈ పాఠశాల మాత్రం నర్సరీ బిడ్డకూ పదో తరగతి కుర్రవాడికీ ఒకే గీత గీసింది.

ఆర్టీసీ ఉంది కదా అని ఆఫీసులో అన్నారట. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సులో జీరో టికెట్, అంటే ఉచిత ప్రయాణం, దొరుకుతుంది, మగపిల్లలకు ఆ వీలు లేదు. టికెట్ సంగతి అలా ఉంచినా, హసన్‌పర్తి నుంచి నిండుగా వచ్చే బస్సులో ఉదయం పూట తొమ్మిదేళ్ల పిల్లను ఒంటరిగా ఎవరు ఎక్కిస్తారు? చివరికి ఆ వీధివాళ్లంతా కలిసి ఆటో మాట్లాడుకున్నారు. డ్రైవర్‌కు చెరో పక్క ఒక పిల్లవాడు, బయటి కొక్కేలకు వేలాడే బ్యాగులు: బస్సులో తీసేసిన ఇరుకు ఆటోలోకి చేరింది.

దూరంగా ఉండి, స్టేజీ దాకా పిల్లలను దింపగల కుటుంబాలకు ఈ సేవ ఇప్పుడు నిస్సందేహంగా తీసుకోదగినదే. రెండు కిలోమీటర్ల అంచున ఉన్నవారు మాత్రం అడ్మిషన్ ఫీజు కట్టకముందే తమ ఇల్లు గీతకు ఏ పక్కన పడుతుందో ఆఫీసులో రాయించుకోవాలి. యాజమాన్యం చేయవలసినదీ పెద్ద పనేమీ కాదు: దూరాన్ని నడిచే దారిలో కొలవడం, పెద్ద రోడ్డు దాటవలసిన అయిదో తరగతి లోపు పిల్లలకు మినహాయింపు ఇవ్వడం. బస్సు రోజూ మా తమ్ముడి వీధి మొగదల మీదుగానే పోతుంది, వెనక వరుసలో సీట్లు ఖాళీగానే ఉంటున్నాయి. తల్లిదండ్రులం కలిసి అర్జీ ఇచ్చాము. దసరా సెలవుల తరువాత, రెండో టర్మ్ రుసుము కట్టించుకునేటప్పుడు చూస్తామన్నారు.