కర్నూలు నుంచి ఢిల్లీ యుద్ధ స్మారకానికి: ప్రయాణం, బస, చూడవలసిన తీరు

కర్నూలు వైపు నుంచి ఢిల్లీ వెళ్లేవారిలో చాలామంది ఎర్రకోట, కుతుబ్‌మీనార్, వీలైతే ఆగ్రా చూసుకొని, చీకటి పడ్డాక ఇండియా గేట్ దగ్గర దీపాల వెలుగులో ఫొటోలు దిగి తిరుగు రైలెక్కుతారు. పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకానికి దక్కేది చివరి అరగంటే. మేము మాత్రం ప్రయాణం మొత్తాన్ని ఆ స్మారకం కోసమే పెట్టుకున్నాము. మా మేనత్త భర్త మద్రాస్ రెజిమెంట్‌లో సిపాయిగా ఉంటూ 1971 యుద్ధంలో అమరుడయ్యారు. ఆయన పేరు అక్కడి గోడ మీద ఉందని తెలిసిన నాటి నుంచి ఆమె ఒక్కసారి చూపించమని అడుగుతూనే ఉంది. ఆ స్థలానికి ఒక పూట పూర్తిగా ఇవ్వాలని, మిగతా ఏర్పాట్లన్నీ దాన్ని బట్టే చేసుకోవాలని నా అభిప్రాయం.

తిరుపతి నుంచి హజ్రత్ నిజాముద్దీన్ వెళ్లే ఏపీ సంపర్క్ క్రాంతి కడప, గుత్తి, డోన్ మీదుగా కర్నూలుకు వస్తుంది కనుక రైలు మారే పని లేదు. వారానికి మూడు రోజులే నడుస్తుంది. పెద్దవాళ్లకు కింది బెర్తు కావాలంటే బాగా ముందుగా రిజర్వేషన్ చేయించుకోవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తరాది పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మేము వెళ్లిన ఫిబ్రవరి నెల ఎండకూ చలికీ మధ్యస్థంగా, వయసు మళ్లినవారికి అనువుగా ఉంది.

బస విషయంలో మాకు మొదట మంచి జరగలేదు. పహాడ్‌గంజ్‌లో ఫోన్ మీద మాట్లాడుకున్న లాడ్జిలో లిఫ్టు ఉందని చెప్పారు. తీరా వెళితే అది పనిచేయడం లేదు. గదికి కిటికీ లేదు, వేడినీళ్లకు బకెట్ లెక్కన డబ్బు అడిగారు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని మూడో అంతస్తు ఎక్కించడం అన్యాయం. మరుసటి రోజే కరోల్‌బాగ్ వైపు మారాము. అద్దె కొంత ఎక్కువైనా లిఫ్టు, గీజరు, మెట్రో స్టేషన్ దగ్గరగా ఉండడం వల్ల ఆ ఖర్చు నాకు భారమనిపించలేదు. మెట్రోలో వెళ్లేవారు రాజీవ్ చౌక్‌లో మారి సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగవచ్చు గానీ, అక్కడి నుంచి నడక బాగా ఉంటుంది. పెద్దవాళ్లు తోడుంటే ఆటోయే మేలు.

స్మారకంలో ప్రవేశం ఉచితం. సుమారు 40 ఎకరాల్లో, ఒకదాని లోపల ఒకటిగా నాలుగు వలయాలుగా కట్టిన దీనిని 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించారు. నడుమ అమర్ చక్రంలో 15.5 మీటర్ల స్తంభం, దాని కింద ఆరని జ్యోతి ఉంటాయి. 1972 నుంచి ఇండియా గేట్ కింద వెలుగుతూ వచ్చిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరి 21న ఈ జ్యోతిలోనే కలిపారు. వీర్తా చక్రంలో ఆరు కంచు శిల్ప ఫలకాలున్నాయి. 1962లో చైనాతో జరిగిన రెజాంగ్ లా పోరు, 1971లో పాకిస్తాన్‌తో జరిగిన లోంగేవాలా పోరు, అదే యుద్ధంలో కరాచీ రేవుపై నౌకాదళం జరిపిన ఆపరేషన్ ట్రైడెంట్ వాటిలో కొన్ని. రెజాంగ్ లా ఫలకం ముందు నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ సిపాయిల ముఖాలను చెక్కిన తీరు అంత బాగుంది. చిట్టచివరి రక్షక్ చక్రం చెట్ల వరుస. కాళ్లకు విశ్రాంతి కావలసినవారికి ఆ నీడ ఉపయోగపడుతుంది.

అసలు చూడవలసింది త్యాగ్ చక్రం. పదహారు గోడల మీద ఒక్కో సైనికుడికి ఒక్కో గ్రానైట్ పలక, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో పేరు. ప్రారంభమైన నాటికే 25,942 పేర్లున్నాయి. తరువాత 2020 జూన్‌లో గల్వాన్‌లో వీరమరణం పొందిన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్ బాబు, ఆయన సహచరుల పేర్లు చేరాయి. అన్ని వేల పలకల్లో ఒకటి వెతకడం కళ్లతో అయ్యే పని కాదు. అందుకు తెర మీద వెతికే ఏర్పాటు ఉంది. సర్వీసు నంబరు, రెజిమెంటు, సంవత్సరం, రికార్డుల్లో పేరు ఉన్న తీరు రాసుకొని వెళితే పని తేలికవుతుంది. మన ఇంటిపేర్లను సైన్యం పొడి అక్షరాలుగా కుదించి రాసుకొని ఉంటుంది కనుక ఇది ముఖ్యం. మేము ఇబ్బంది పడుతుంటే అక్కడ విధుల్లో ఉన్న జవాను తానే వచ్చి గోడ దాకా నడిపించాడు.

మేనత్త ఆ పలక మీద చెయ్యి పెట్టి, ఒక్కో అక్షరం మీదుగా వేలు పోనిచ్చింది. "బురుజంత ఎత్తున రాసింటారేమో, నాకు కనపడదేమో అనుకుంటి. చేతికందేతట్టు రాసినారే" అంది. ఇండియా గేట్ మీద మొదటి ప్రపంచ యుద్ధ కాలపు సైనికుల పేర్లు పదమూడు వేలకు పైగా ఉన్నా, 42 మీటర్ల ఆ కట్టడం మీద వాటిని చదవడం దాదాపు అసాధ్యం. మన సీమ పల్లెల పొలిమేరల్లోని వీరగల్లుల మీద కత్తి దూసిన మనిషి బొమ్మ ఉంటుంది గానీ చాలావాటి మీద పేరే ఉండదు. సైనికుడి ఇంటివారికి కావలసింది పేరే కాబట్టి, ఈ మూడింటిలోనూ నా దృష్టిలో త్యాగ్ చక్రమే గొప్పది.

పరమవీర చక్ర పొందిన 21 మంది అర్ధవిగ్రహాలున్న పరమ యోధ స్థల్ కూడా అదే ప్రాంగణంలో ఉంది. పిల్లలతో వెళ్లినవారు అక్కడ ఒక్కొక్కరి కథ చదివి వినిపించాలి. సూర్యాస్తమయానికి ముందు జరిగే రిట్రీట్ వేడుకలో అమరుల కుటుంబసభ్యులు పుష్పగుచ్ఛం ఉంచే కార్యక్రమం ఉంటుంది. అందులో పాల్గొనదలచిన కుటుంబాలు బయలుదేరే ముందే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో విచారించుకోవాలి.

భోజనానికి అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్ క్యాంటీన్‌ను మించినది ఆ దగ్గరలో లేదు. పప్పు, కందిపొడి, పచ్చడితో కడుపునిండా పెడతారు. ఆదివారం మాత్రం రద్దీ విపరీతం. మామూలు రోజున అక్కడ తిని, మధ్యాహ్నం మూడింటికల్లా స్మారకం చేరితే రిట్రీట్ దాకా తీరిగ్గా చూడవచ్చు. వేడుక ముగిశాక అందరూ ఒక్కసారిగా బయటికి వస్తారు, ఆటోలు దొరకవు. తిరిగి వెళ్లే బండిని ముందే మాట్లాడి పెట్టుకోండి.