గ్రిప్పు ఉంది, టైరే ముసలిదైంది: ఏడేళ్ల తొమ్మిది నెలల వాడకం

మా స్విఫ్ట్ 2016 అక్టోబరులో కొన్నాం. దాంతో వచ్చిన టైర్లనే 2024 జులై దాకా లాగించాను. తిరిగింది 41 వేల కిలోమీటర్లే. కంపెనీ పేరు రాయను, ఈ కథలో తప్పు నాదే కాబట్టి.

మాది నరసరావుపేట. రెంటచింతల మా జిల్లాలోదే అంటే ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కారుకు షెడ్డు లేదు. వారంలో ఐదు రోజులు ఇంటి ముందే ఉంటుంది, కుడివైపు టైర్ల మీద పొద్దుగూకే దాకా పడమటెండ. తిరగని బండికి టైర్లు ఎక్కువకాలం వస్తాయని నా లెక్క. అది సగమే నిజం. గ్రిప్పు, అంటే రోడ్డుకు తగిలే గాడుల భాగం, అరగదు, నిజమే. కానీ రబ్బరు పగలకుండా అందులో కలిపే మైనం లాంటి పదార్థాలు టైరు తిరిగి, వంగుతూ ఉంటే బాగా పైకి వస్తుంటాయి. ఎండలో కదలకుండా నిలబడ్డ టైరు త్వరగా ఎండిపోతుంది.

ఐదో ఏడు దాకా చెప్పుకోవడానికేమీ లేదు. ఆరో ఏట కుడివైపు రెండింటికీ పక్కగోడల మీద వెంట్రుకవాసి బీటలు కనిపించాయి. ఎడమవైపు వాటికి దాదాపు లేవు. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా నల్ల పాలిష్ కొట్టి ఇచ్చేవాళ్లు, దాంతో బీటలు మాయం. ఇంకో నెలకు మళ్లీ ప్రత్యక్షం. రోడ్డు మీద మోత కూడా పెరిగింది. నేను పాటల సౌండు పెంచాను.

ఏడో ఏడు దాటాక ఓ తొలకరి రోజు హైదరాబాద్ బయల్దేరాం. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద వాడపల్లి దాటాక ఓ ఆటో అడ్డంగా తిరిగింది. బ్రేకు తొక్కితే బండి జారుకుంటూ పోయి, ఆటోకు జానెడు దూరంలో ఆగింది. మా ఆవిడ మిర్యాలగూడ వచ్చేదాకా నోరు విప్పలేదు.

తిరిగొచ్చాక కొలిపిస్తే గ్రిప్పు లోతు ఇంకా 4 మిల్లీమీటర్లుంది. కార్లకు 1.6 దాకా అరిగితే మార్చాలి, గాడుల అడుగున ఉండే చిన్న దిమ్మలు దానికి గుర్తు. ఆ లెక్కన నావి ఇంకా కొన్నేళ్లు రావాలి. షాపతను గోటితో నొక్కి చూపించాడు. గట్టిగా, చెక్కలా ఉంది. అలా గట్టిపడ్డ రబ్బరు తడి రోడ్డును పట్టుకోలేదు.

అప్పుడు చూశాను తయారీ తేదీ. పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలుంటాయి. నావి 3216, అంటే 2016లో 32వ వారం. రెండు టైర్లకు ఆ అంకెలు లోపలివైపు ఉన్నాయి, చక్రం విప్పితే గానీ కనబడలేదు. ఐదేళ్లు దాటాక ఏటా చూపించుకోమని, గ్రిప్పు ఎంతున్నా పదేళ్లకు తీసేయమని పెద్ద టైరు కంపెనీలే చెబుతాయి. నన్నడిగితే మన ఎండల్లో బయట పెట్టే కారుకు పదేళ్లు మరీ ఎక్కువ. నేను ఆరో ఏట, ఆ బీటలు చూసినప్పుడే మార్చాల్సింది. పక్కగోడ ఉబ్బితే మాత్రం వయసు లెక్కే వద్దు, ఆరోజే తీసేయాలి.

కొత్తవి కొనేటప్పుడు షాపులో ముందు 0923 అంకెలవి తెచ్చారు. పదహారు నెలల సరుకు. వద్దన్నాను. రెండ్రోజులాగితే 1424వి వచ్చాయి. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌తో కలిపి నాలుగింటికి 21 వేలు దాటింది. డబ్బులు చాలక రెండే వేయించేవాళ్లకు ఒక మాట: కొత్తవి వెనక వేయించుకోండి. ముందు వేయమనే చాలామంది చెబుతారు. కానీ తడి రోడ్డు మీద వెనక చక్రాలు పట్టు తప్పితే బండి గిర్రున తిరుగుతుంది, అప్పుడు మనలాంటి వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

కొత్తవాటి మీద 11 వేల కిలోమీటర్లు తిరిగాను. మోత తగ్గింది, వానలో బ్రేకు నమ్మకంగా పడుతోంది. గాలి మాత్రం డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు ప్రకారం, పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టిస్తున్నాను. మధ్యాహ్నం ఇప్పుడు కుడి టైర్లకు గోనెపట్టా కప్పుతున్నాను, వీధిలోవాళ్లు నవ్వుతారు.

స్టెప్నీ సంగతి మిగిలింది. ఒక్కసారీ నేల తాకలేదు, చూడ్డానికి కొత్త పెళ్లికొడుకులా ఉంది. దాని అంకెలూ 3216. పంక్చర్ అయితే దగ్గరి షాపు దాకా మెల్లగా వెళ్లడానికి ఉంచాను. వచ్చే నెల అదీ మార్చేస్తాను.