రాత్రి గుండెల్లో మంటకు వెడ్జ్ దిండు: ఎత్తు కాదు, పొడవు చూసి కొనండి

పడుకోగానే గొంతులోకి పులుపు ఎగదన్నుతుంటే చాలామంది రెండు మూడు తలగడలు వేసుకుంటారు. దాంతో మెడ వంగుతుంది, నడుము దగ్గర ఒళ్లు మడతపడి పొట్ట నొక్కుకుంటుంది, మంట ఇంకా పెరుగుతుంది. ఒకవైపు ఎత్తుగా, రెండోవైపు పల్చగా వాలి ఉండే వెడ్జ్ దిండు పని తల లేపడం కాదు, నడుము నుంచి పైభాగమంతా ఏటవాలుగా నిలపడం. అన్నవాహిక అడుగున ఉండే కండరం వదులైనా, ఆ వాలుకు యాసిడ్ పైకి రావడం తగ్గుతుంది, వచ్చింది కూడా త్వరగా కిందికి జారుతుంది.

ఆన్‌లైన్లో అమ్మే పొట్టి దిళ్లు ఇక్కడే దెబ్బతింటాయి. ఎత్తు 7 అంగుళాలు, పొడవేమో 16, 18. భుజాల దగ్గరే అయిపోతుంది. అంటే ఖరీదు ఎక్కువైన తలగడే. పొడవు 24 అంగుళాలకు తగ్గకూడదు, పొడగరులకు 30 కావాలి. 24 పొడవుకు 7 ఎత్తంటే వాలు సుమారు 17 డిగ్రీలు. అంతకు మించితే నిద్రలో కిందికి జారిపోతారు.

నెల్లూరులోనో ఒంగోలులోనో పరుపుల అంగట్లో ఫోము కోయించుకుంటే ఈ కొలతలు మన చేతిలో ఉంటాయి. డెన్సిటీ, అంటే ఫోము ఎంత దట్టమో చెప్పే అంకె, 32కి తగ్గనివ్వకండి, బరువైన మనిషైతే 40 అడగండి. మెత్తటి ఫోము భుజాల కింద కుంగిపోయి 7 అంగుళాలు కాస్తా 4 అవుతుంది. మెమరీ ఫోము మన మే నెల ఉక్కకు పనికిరాదు. రెక్సిన్ తొడుగు చెమటకు జారుతుంది, జిప్పున్న నూలు తొడుగు కుట్టించండి. నవారు మంచం మీద ఈ దిండు దండగ. మధ్యలో మంచమే కుంగితే వాలెక్కడిది?

జారుడు, భుజం నొప్పి పడనివాళ్లకు వడ్రంగి చేసే చెక్క దిమ్మలే మేలు. మంచానికి తలవైపున్న రెండు కోళ్ల కింద మాత్రమే 6 అంగుళాల దిమ్మలు పెట్టాలి. కోడు జారకుండా పైన గుంట తీయించాలి, టైల్సు మీదైతే అడుగున రబ్బరు ముక్క వేయాలి. మొదటి వారం 3 అంగుళాలతో మొదలుపెడితే అలవాటవుతుంది. సామాను అరలున్న బాక్సు మంచానికి ఈ పద్ధతి కుదరదు.

దిండు మీద ఎడమవైపు తిరిగి పడుకుంటే ఫలితం ఇంకా బాగుంటుంది. అప్పుడు కడుపు సంచి అన్నవాహిక మూతి కంటే దిగువన ఉంటుంది. చెవి కింద పల్చటి బూరుగుదూది తలగడ చాలు.

ఇక దిండు చేయలేని పని. తొమ్మిదిన్నరకు చింతపండు, మామిడికాయ, కారం దట్టించిన చేపల పులుసు తిని పదింటికి పక్కెక్కితే ఏ ఫోమూ ఆపలేదు. తిండికీ పడకకీ మధ్య 3 గంటలుండాలి. మన పులుసు ఎలాగూ మర్నాటికే రుచి, మధ్యాహ్నం తింటే పోయేదేం లేదు. పగలు వచ్చే మంటకూ ఈ దిండుతో పనిలేదు.

ముద్ద దిగేటప్పుడు అడ్డుపడుతున్నా, బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా దిండు బేరం పక్కనపెట్టి డాక్టరును కలవండి. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.