పొలం నాన్న పేరున, సాగు కొడుకు చేతిలో: లోన్ ఎవరి పేరున మేలు?

ఖరీఫ్ మొదలయ్యేసరికి మా గుంటూరు వైపు కుర్రాళ్లు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. పొలం పాస్‌బుక్ నాన్నది. నారు దగ్గర్నుంచి మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తోలేదాకా పనంతా కొడుకుది. మరి బ్యాంకుకు ఎవరు వెళ్లాలి?

నాన్న పేరున కేసీసీ, అంటే పంట రుణాలిచ్చే కిసాన్ క్రెడిట్ కార్డు, తీసుకుని, కొడుకు కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టడం మేలని నా అభిప్రాయం. నాన్నకు అరవై దాటితే చాలా బ్యాంకులు వారసుడి సంతకం ఎలాగూ అడుగుతాయి. 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు తాకట్టు లేకుండానే ఇస్తున్నారు కాబట్టి పెద్దాయనకూ బెంగ ఉండదు.

అసలు విషయం గడువు తేదీ. 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. 3 లక్షల మీద ఏడాదికి 9,000 రూపాయలు మిగిలినట్టే. పంట ఎప్పుడు అమ్మాలో తేల్చేది కొడుకు. గడువు మెసేజ్ వచ్చేది నాన్న ఫోన్‌కి. తేడా వచ్చేది అక్కడే. కిందటేడు మిర్చి కాయ కోల్డ్ స్టోరేజీలో ఉండగా మా నాన్న ఆస్పత్రిలో చేరారు. కాగితాల్లో నా సంతకమూ ఉంది కాబట్టి బాకీ ఎంతో, గడువెప్పుడో బ్యాంకు వాళ్లు నాకే చెప్పారు. ధర కోసం ఆగకుండా కొన్ని టిక్కీలు అమ్మి కట్టేశాను.

పొలం ఊళ్లో లేని బాబాయిదో పెదనాన్నదో అయితే కౌలు కార్డు, అంటే సీసీఆర్‌సీ, మంచిదే. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం, యజమాని సంతకం ఉంటే చాలు. దానివల్ల ఆయన హక్కు ఎక్కడికీ పోదు, ఆ మాట ముందే చెప్పి ఒప్పించండి. కానీ అదే సర్వే నంబరు మీద ఆయనకు పంట రుణం ఉంటే మీకు రాదు. కార్డు కోసం తిరిగే ముందే ఆ సంగతి అడగండి.

పొలం కొడుకు పేరున రాయించడం లోన్ కోసమే అయితే వద్దు. అక్కచెల్లెళ్లతో తేలాల్సిన విషయం అది. బంగారం లోన్ చేతికి త్వరగా వస్తుంది, కానీ ఆ 3 శాతం తగ్గింపు కేసీసీ ఖాతాలో ఉన్న రుణానికే.

ఈ వారమే నాన్నను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. పొలం రికార్డులైన 1బి, అడంగల్, ఇద్దరి ఆధార్‌లు పట్టుకెళ్లి, గడువు మెసేజ్‌లకు మీ నంబరు కూడా ఇచ్చి రండి.