లాడం లేని గుర్రానికి ఏ బూటు మేలు?

లాడాలు తీయించేసిన గుర్రం మెత్తటి మట్టి మీద హాయిగా నడుస్తుంది. కంకర దారి తగిలిందంటే ఆచితూచి అడుగేస్తూ, అంచునున్న గడ్డి మీదికి లాక్కుపోతుంది. గిట్టలకు తొడిగే బూట్ల కోసం వెతుకులాట అక్కడే మొదలవుతుంది. ఈజీబూట్ గ్లవ్, స్కూట్ బూట్, కవాల్లో అనే మూడు రకాల గురించి ఇక్కడ చెబుతాను.

ఏది కొన్నా ముందు కొలత సరిగ్గా ఉండాలి. గిట్టలు ట్రిమ్ చేయించిన వెంటనే కొలవండి. ఐదారు వారాలు పెరిగిన గిట్టను కొలిచి తెప్పిస్తే, తర్వాతి ట్రిమ్మింగ్‌కి బూటు వదులైపోతుంది. కాలెత్తి పట్టుకుని, గిట్ట అడుగున అన్నిటికన్నా వెడల్పైన చోట అడ్డంగా ఒక కొలత తీయాలి. నిలువు కొలత ముందు అంచు నుంచి, మడమ దగ్గర గిట్ట గోడ (చుట్టూ ఉండే గట్టి అంచు) నేలను తాకే చివరి చోటు దాకానే. ఆ వెనక ఉబ్బెత్తుగా ఉండే మెత్తటి భాగం దాకా టేపు లాగితే సైజు తప్పినట్టే. మిల్లీమీటర్లలో, ఏ కాలికి ఆ కాలు విడిగా రాసుకోండి. ముందు గిట్టలు గుండ్రంగా, వెనకవి కాస్త కోలగా ఉంటాయి. ఎడమా కుడీ ఒకేలా ఉంటాయన్న నమ్మకం కూడా లేదు.

గ్లవ్ పేరుకు తగ్గట్టే గిట్టకు అతుక్కునే తొడుగు. గిట్ట చుట్టూ బకిళ్లూ తీగలూ ఏమీ ఉండవు, పైన కాలికి చుట్టే పట్టీ ఒక్కటే. పట్టు అంతా సైజులోనే ఉంది. రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలేసి ఎక్కించాక, ముందు వైపున్న ‘వి’ ఆకారపు చీలిక కొద్దిగా విచ్చుకోవాలి. విచ్చుకోలేదంటే వదులు. సరిగ్గా కుదిరితే వేగంలో దీనికి తిరుగులేదు. కాలిఫోర్నియా కొండల్లో 24 గంటల్లో 100 మైళ్లు సాగే టెవిస్ కప్ లాంటి పోటీల్లోనూ దీన్ని తొడుగుతారు. చిక్కేమిటంటే, గిట్ట కొన్ని మిల్లీమీటర్లు పెరిగినా ఎక్కదు. ఆకురాయి పట్టి మధ్యమధ్యలో మీరే అరగదీసుకునే ఓపిక ఉంటేనే దీని జోలికి వెళ్లండి.

కవాల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముందు పెద్దగా తెరుచుకుంటుంది, వెల్క్రోతో మూసుకుంటుంది. లోపల మెత్త వేయొచ్చు. లాడాలు కొత్తగా తీయించి, అడుగు ఇంకా పల్చగా ఉన్న గుర్రానికి నేనైతే ఇదే తొడుగుతాను. బరువెక్కువ, వెనక అంచు మడమను ఒరుసుకోవచ్చు. వెల్క్రోలో బురద, పల్లేరుకాయలు ఇరుక్కుంటే తీసేసరికి ప్రాణం విసుగెత్తుతుంది.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టిన స్కూట్ బూట్‌లో వెల్క్రోనే లేదు. రబ్బరు పట్టీలను గుబ్బలకు తగిలించడమే. నీళ్లు కన్నాల్లోంచి కారిపోతాయి, పట్టీ తెగితే అదొక్కటే మార్చుకోవచ్చు. వారాంతాల్లో వాగులూ రాళ్లూ దాటుతూ తిరిగేవాళ్లకి నా ఓటు దీనికే. అయితే గిట్ట ఆకారం దీనికి నప్పాలి. అంచులు పక్కలకి విప్పారిన గిట్టకు, సైజు సరిపోయినా, గట్టిగా ఉండే ఈ తొడుగు సరిగ్గా కూర్చోదు.

తొడిగాక చాక్‌పీసుతో గిట్ట మీదా బూటు మీదా కలిసేలా ఒక గీత గీయండి. గుర్రాన్ని గట్టి నేల మీద నడిపించి, చిన్న చుట్టు తిప్పి, కాసేపు దుడుకు నడక (ట్రాట్) చేయించండి. గీతలు విడిపోయాయంటే బూటు తిరుగుతోందన్నమాట. తీశాక గిట్టకు పైన వెంట్రుకలు మొదలయ్యే చోటా, మడమల మీదా చెయ్యి పెట్టి తడమండి. వేడిగా ఉన్నా, వెంట్రుకలు రాలినా సైజు మార్చాల్సిందే. మొదటిసారి అరగంటకు మించి తొడిగించకండి.

నాలుగూ ఒకేసారి కొననక్కర్లేదు. గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే పడుతుంది కాబట్టి, చాలా గుర్రాలకి ముందు జత చాలు. మిగిలిన డబ్బుతో స్కూట్‌కైతే పట్టీలు, గ్లవ్‌కైతే ఒక మంచి ఆకురాయి కొని దగ్గరుంచుకోండి.